లోపల దగ్గింది ఎవరు?

నది ఒడ్డున క్యాంపు మైదానం,
మొదటి మజిలీ

అక్కా,

క్షేమంగా చేరాం. ఆరు గంటల దారి తొమ్మిది గంటలు పట్టింది. అందులో మూడు గంటలు నువ్వు ముద్దు చేసిన నా పిల్లల కోసం ఆగినవే. కిటికీ పక్క సీటు తనదని ఉడత, కాదు తనదని బుడంకాయ. ఆ పక్కన ఇంకో కిటికీ ఉంది కదరా అంటే, ఇద్దరికీ ఆ ఒక్కటే కావాలి. ఆరేళ్ళదానికీ నాలుగేళ్ళవాడికీ మధ్య తీర్పు చెప్పడం కంటే ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ చెయ్యడం సుఖం.

బయల్దేరే రోజు నువ్వు కిందికి రాలేదు కాబట్టి చెప్తున్నాను. ఆయన ఆఫీసువాళ్ళిచ్చిన క్యారవాన్ బాగానే ఉంది. నాలుగు పడకలు, ఒక పొయ్యి, మడిస్తే గోడకి అతుక్కుపోయే బల్ల, ఎక్కడ చూసినా చిన్న చిన్న అరలు. బుడంకాయ ఎక్కిన దగ్గర్నుంచీ ఆ అరలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాడు. ఏం వెతుకుతున్నావురా అంటే చెప్పడు. వాడు నా పక్కనే పడుకుంటాడు కదా అని, ఖాళీగా ఉన్న నాలుగో పడక మీద దుప్పట్లు సర్దితే తీసి కింద పడేస్తున్నాడు. ఆయన ఊరూరా లారీ కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూస్తూ మూడు నెలలు తిరగాలి, నాకేమో ఆసుపత్రిలో సెలవులు పోగుపడి ఉన్నాయి, నలుగురం కలిసి వెళ్దాం అనుకున్నప్పుడు ఎంత బాగా అనిపించిందో. ఇవాళ ఒక రోజు గడిచింది. ఇంకా ఎనభై తొమ్మిది ఉన్నాయి.

ఇంకో సంగతి. దారిలో నీకు ఫోన్ చేసి మాట్లాడించాను కదా, నువ్వు పెట్టేశాక బుడంకాయ గంటన్నర ఏడ్చాడు. తాగిన పాలన్నీ కక్కేశాడు. అందుకని ఈ మూడు నెలలూ ఫోన్లు వద్దక్కా. ఉత్తరాలు రాసుకుందాం. తర్వాతి మజిలీ అడ్రసు కవరు వెనక ఆయన రాశారు.

అన్నట్టు, నువ్వు పిల్లలకి చెప్తున్న ఆ ఇల్లు పారిపోయిన ముసలమ్మ కథ. మేం బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం ముసలమ్మ ఇంటిని పట్టుకుందట, గుమ్మం పిడి మీద చెయ్యి వేసిందట, లోపల ఎవరో దగ్గారట. అక్కడ ఆపేశావట. లోపల దగ్గింది ఎవరో వెంటనే రాయి. దారి పొడుగునా నా ప్రాణం తోడేశారు.

నీ చెల్లి


రెండో అంతస్తు నుంచి

ఏమే చెల్లాయ్,

ఫోన్లు వద్దని తీర్మానం చేసేశావన్నమాట. మంచిది. డాక్టర్లని అడిగి చేశావా, నీ అంతట నువ్వే చేశావా? నాలుగేళ్ళుగా వాడు నా గొంతు విని నిద్రలేచాడు, నా గొంతు విని అన్నం తిన్నాడు, ఎప్పుడూ పాలు కక్కలేదు. నీ క్యారవాన్ ఎక్కిన రోజే నా గొంతు వాడికి పడకుండా పోయింది.

మూడో అంతస్తులో మీ ఇంటి నుంచి మా ఇంటికి పదహారు మెట్లు. వాడు పదిహేనో మెట్టు మీద ఆగి ఆఖరిది దూకుతాడు. ఆ చప్పుడు లేక పొద్దున్న ఏడింటికి లేచి కూర్చుని ఏం చెయ్యాలో తెలియలేదు నాకు. మీ బావ గడియారాల బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని, తల ఎత్తకుండా, "వాళ్ళ పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళారు" అన్నాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడే మనిషికి ఆ మాటే దొరికింది.

కిటికీ గొడవకి మందు చెప్తాను, విను. వారానికి ఒకరికని కాదు, పెట్రోలు పోయించిన ప్రతిసారీ సీట్లు మార్చు. పిల్లలకి రోజులు అర్థం కావు, పెట్రోలు బంకు అర్థమవుతుంది. నేను సర్దిచ్చిన గుండీల సంచీ ఒకేసారి ఇచ్చెయ్యకు. రోజుకి పది గుండీలు, ఒక దారం. బుడంకాయకి రెండు కన్నాల గుండీలే ఇవ్వాలి, నాలుగు కన్నాలవి చూస్తే విసుగు. ఇవన్నీ నీకు తెలియవు, నీ తప్పు కాదులే, డ్యూటీల్లో ఉన్నావు.

కథ సంగతి అంటావా, అది ఉత్తరంలో చెప్పేది కాదు. ముసలమ్మ గొంతు పెట్టాలి, తలుపు కిర్రుమనాలి, మధ్యలో ఆగాలి. అవి కాగితం మీద రావు. తిరిగొచ్చాక నేనే చెప్తానని చెప్పు. ఆగుతారు. నా దగ్గర ఆగడం నేర్చుకున్నారు.

మీరు వెళ్ళే ముందు మొదలుపెట్టిన ఆ నాటకాల హాలు మఖమల్ తెరల పని ఇంకా సాగుతోంది. కత్తెర పెడితే చాలు నూగు లేచి గొంతులో పడుతోంది, ఒకటే దగ్గు. ఇల్లంతా నా దగ్గు తప్ప వేరే చప్పుడు లేదు.

అక్క


లారీ కాటా పక్క స్థలం,
మూడో మజిలీ

అక్కా,

పెట్రోలు బంకు చిట్కా పని చేసింది. ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు బంకు కనిపిస్తే చాలు ఇద్దరూ చప్పట్లు. ఆయన మాత్రం, ట్యాంకు సగం ఉన్నా ఆపమని ఏడుస్తున్నారని తల పట్టుకుంటున్నారు.

గుండీలు రెండో రోజే అయిపోయాయి. ఒకేసారి ఇచ్చేశాను. తిట్టకు, వాన పడుతోంది, వంతెన దగ్గర మూడు గంటలు లారీల వెనక ఇరుక్కున్నాం. అప్పటికి నా దగ్గరున్న ఆటలన్నీ అయిపోయాయి. ఎర్ర లారీ ఉడతది, పచ్చ లారీ బుడంకాయది అని లెక్కపెట్టించాను. పచ్చ లారీలు ఎక్కువ రాలేదు, వాడు నా మీద అలిగాడు. ఎవరు ఎక్కువసేపు మాట్లాడకుండా ఉంటారో చూద్దాం అన్నాను. ఆయన గెలిచారు.

ఆఖరికి కథ నేనే చెప్పేశాను. ముసలమ్మ తలుపు తీసింది, లోపల పిల్లి ఉంది, పిల్లి దగ్గింది అన్నాను. ఉడత నా వంక చూసిన చూపు నీకు చూపించాలి. "పెద్దమ్మ పిల్లి అనదు" అంది. అంతే, అటు తిరిగి పడుకుంది. పదకొండేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను, పెద్ద పెద్ద డాక్టర్లు కూడా నన్ను అంత తేలిగ్గా తీసిపారెయ్యలేదు.

నిన్న మాత్రం ఒకటి జరిగింది, అది నీకు చెప్పాలి. ఆయన కాటా పరీక్షిస్తుంటే పిల్లలు మేం కూడా ఎక్కుతాం అన్నారు. అది లారీల కాటా, యాభై కేజీలకి ఒకసారి అంకె మారుతుంది. ఉడత ఎక్కింది, సున్నా. బుడంకాయ ఎక్కాడు, సున్నా. ఇద్దరూ కలిసి గెంతారు, అయినా సున్నా. "మేం లేమా?" అని ఉడత మొహం చిన్నబోయింది. నేను ఎక్కితే యాభై వచ్చింది. అప్పుడు ఇద్దర్నీ చెరో చంకనా ఎత్తుకుని ఎక్కాను. వంద! ఆయన లోపల్నుంచి వంద అని అరిచారు. పిల్లలు నా మెడ పట్టుకుని వదల్లేదు. పదిసార్లు దిగి పదిసార్లు ఎక్కాం. నా నడుం ఇంకా నొప్పిగానే ఉంది, ఉండనీ.

అక్కా, ఒక్క మాట రాయి. దగ్గింది ఎవరైనా సరే. దొంగ అను, పోస్ట్‌మాన్ అను. నువ్వు చెప్పావంటే నమ్ముతారు. ఒక్క పేరు రాసి పంపించు, మిగతాది నేను చెప్పుకుంటాను.

నీ చెల్లి


రెండో అంతస్తు నుంచి

చెల్లాయ్,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. పిల్లి దగ్గర ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. "పెద్దమ్మ పిల్లి అనదు" అన్న ముక్క రెండుసార్లు చదివాను. బంగారు తల్లి. అది నా చేతుల్లో పెరిగిన పిల్ల, దాన్ని పిల్లితో సరిపెడదామనుకున్నావు.

కాటా సంగతి కూడా చదివాను. వంద వచ్చిందన్నావు, సంతోషం. చాలా సంతోషం. చంకనెత్తుకుని పదిసార్లు ఎక్కి దిగితే ఎవరి మెడైనా పట్టుకునే ఉంటారు, పడిపోతామని. వాడికి పళ్ళొచ్చేటప్పుడు పదకొండు రోజులు నా భుజం మీదే ఉన్నాడు, అప్పుడు ఏ కాటా మీదా నన్ను ఎవరూ తూచలేదు. పోనీలే. ఎవరి లెక్క వాళ్ళది.

నాకు ఈర్ష్యగా ఉందనుకుంటున్నావేమో. ఉంది. దాచడం దేనికి? పొద్దున్న పాలు కాస్తూ కూడా నువ్వు వాడికి గ్లాసు ఎలా అందిస్తున్నావో అని ఆలోచిస్తున్నాను. నీలం గ్లాసు కాకపోతే తాగడు. నీలం గ్లాసు మా ఇంట్లోనే ఉండిపోయింది. నువ్వు అడగలేదు. వేరే గ్లాసుతో తాగుతున్నాడని అర్థం. అదొక బాధ.

ఒక పేరు రాసి పంపించమంటావు. ఎందుకంత తొందర? ఎవరైనా సరే అంటావేమిటి? కథకి ముగింపు అంటే మందుల చీటీ కాదు, కంపెనీ ఏదైనా పర్వాలేదనడానికి. నేను రాయను. వచ్చాక చెప్తాను.

ఇన్ని రాశావు గానీ ఒక్క విషయం రాయలేదు. ఉడత ఏమందో రాశావు. బుడంకాయ నన్ను అడుగుతున్నాడా? రెండు ఉత్తరాల్లోనూ ఆ మాట వెతికాను. ఎక్కడా లేదు.

అక్క


సముద్రం వైపు క్యాంపు,
ఏడో మజిలీ

అక్కా,

ఇన్నాళ్ళూ రాయనందుకు కోపగించుకోకు. తీరిక లేదు. తీరిక లేదంటే నిజంగానే, ఆటల్లో.

నీ కథే మాకు దారి చూపించింది. నువ్వు ముగింపు చెప్పనన్నావు కదా, సరే, ఊరూరా అందర్నీ అడుగుదాం అన్నాను పిల్లలతో. ఇప్పుడు ఏ మజిలీలో ఆగినా ఉడత మొదట నోట్‌బుక్కు తీస్తుంది. ఎదురొచ్చిన మనిషికి కథంతా చెప్తుంది, లోపల దగ్గింది ఎవరు అని అడుగుతుంది, వాళ్ళు చెప్పింది ఒక పేజీలో బొమ్మ వేస్తుంది. ఒక లారీ డ్రైవరు, ఇంకెవరు, ఆ ఇంటి డ్రైవరే అన్నాడు. ఇల్లు పరిగెత్తుతుంటే తోలేవాడు ఒకడుండాలి కదా అని వాదన. క్యాంపు వాచ్‌మన్ పొయ్యిలో పొగ అన్నాడు. కాటా గుమాస్తా చాలాసేపు ఆలోచించి, రెండు రోజుల తర్వాత సైకిలేసుకుని వచ్చి మరీ, ముసలమ్మ చిన్నప్పటి స్నేహితురాలు అని చెప్పి వెళ్ళాడు. ఇప్పటికి ఇరవై మూడు జవాబులయ్యాయి. దానికి దగ్గుల పుస్తకం అని పేరు పెట్టాం.

దారి ఎంత పొడుగైనా ఇప్పుడు భయం లేదు. ఐదు గంటలు కూర్చోవాలంటే నేల మీద రంగు టేపు అంటిస్తాను, అది రోడ్డు. గుండీలు లారీలు. కిటికీలో కనిపించిన మేఘాలకి పేర్లు పెడతాం. నేను పాడితే ఇద్దరూ చెవులు మూసుకుంటారు, అదీ ఒక ఆటే అయింది. మొన్న బుడంకాయ మోకాలు కొట్టుకుపోతే వాళ్ళ నాన్నని దాటుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నీ దగ్గర ఇది రోజూ జరిగేది, నీకు కొత్త కాదు. నాకు కొత్త.

అడుగుతున్నాడా అన్నావు. చిన్నపిల్లలు కదక్కా, ఏ చోటుంటే ఆ చోటే వాళ్ళకి లోకం. నువ్వు దాని గురించి మనసు పాడు చేసుకోకు.

ముగింపు పంపక్కర్లేదు. మాకు చాలా ఉన్నాయి.

నీ చెల్లి


రెండో అంతస్తు నుంచి

చెల్లాయ్,

మాకు చాలా ఉన్నాయి అని రాశావు. నా కథ ఊరంతా పంచిపెట్టావు. ఎవడో లారీ డ్రైవరు, ఎవడో గుమాస్తా, వాళ్ళంతా కలిసి నా కథకి ముగింపులు రాస్తున్నారు, నేనేమో ఇక్కడ ఎర్ర మఖమల్ మధ్య కూర్చుని దగ్గుతున్నాను.

అడక్కుండానే పంపిస్తున్నాను. ఇదీ అసలు ముగింపు. పిల్లలకి చదివి వినిపించు, పెద్దమ్మ చెప్పిందని చెప్పు.

ముసలమ్మ తలుపు తీసింది. లోపల దగ్గింది ముసలమ్మ చెల్లెలు. ఇల్లు దానంతట అది పారిపోలేదు. చెల్లెలే దానికి చక్రాలు బిగించి, అక్క వంటింట్లో ఉన్నప్పుడు చూసి, తోలుకుపోయింది. ఎందుకే ఇలా చేశావు అని ముసలమ్మ అడిగింది. ఈ ఇల్లు నాదే కదా అంది చెల్లెలు. ఊడ్చింది నేను కదే, దీపం పెట్టింది నేను కదే అంది ముసలమ్మ. అయినా ఇల్లు నాదే అంది చెల్లెలు. ముసలమ్మ వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అయిపోయింది కథ.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యొద్దని మీ బావ అన్నాడు. అందుకే నేనే వెళ్ళి డబ్బాలో వేస్తున్నాను.

అక్క


కొండ దారి క్యాంపు,
పదో మజిలీ

అక్కా,

నీ ముగింపు అందింది. పిల్లలకి చదవలేదు, చదవను. దగ్గుల పుస్తకంలో దానికి పేజీ లేదు.

ఏదో ఒకటి అనాలని అన్నావు, అన్నావుగా, ఇక నేనేం చెప్పను? నాలుగేళ్ళు నువ్వు పెంచావు. ప్రతి ఉత్తరంలో ఆ నాలుగేళ్ళు నాకు గుర్తు చేస్తూనే ఉన్నావు. నేను డ్యూటీ దిగి మెట్లెక్కి మీ ఇంటి తలుపు తోసేసరికి ఇద్దరూ నీ ఒళ్ళో ఉండేవాళ్ళు. "అమ్మ వచ్చింది చూడండి" అని నువ్వు చెప్పాలి, అప్పుడు లేచేవాళ్ళు. ఎప్పుడైనా నా మొహం చూశావా ఆ టైములో?

ఆఖరి రోజు గంట ముందే వచ్చి వాళ్ళని తీసుకెళ్ళానని నీకు కోపం. తెలుసు. కావాలనే ముందు వచ్చాను.

ఉడత నీకోసం బొమ్మ వేసింది. ఇందులో పెట్టి తనే కవరు అంటించేసింది, అమ్మ చూడకూడదట. నేను చూడలేదు. ఉంటాను.

చెల్లి


రెండో అంతస్తు నుంచి

చెల్లాయ్,

ఉడత బొమ్మ చూశాను. నువ్వు చూడలేదన్నావు కాబట్టి చెప్తున్నాను. ఒక పెద్ద గంట, దాని కింద ఉడత, నీలం గౌను. కింద తన చేత్తో రాసింది. "పెద్దమ్మా ఇది నా కొత్త బడి. నాన్నకి ఇక్కడే ఆఫీసు. కొత్త ఇంటికి కిటికీలు ఎనిమిది. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. నువ్వు ఎవరో కాదు కదా."

అక్షరాలు చక్కగా రాస్తోంది. గుండ్రంగా. నేర్పింది నేనే.

పొద్దున్నుంచీ ఆ బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నాను. చక్రాలు బిగించి తోలుకుపోయిందని నేను కోపంలో రాసిన రాత నిజమని తేలింది. నువ్వు అప్పటికే బడి చూశావు, ఇల్లు చూశావు, కిటికీలు లెక్కపెట్టుకున్నావు. నాకు మేఘాల పేర్లు రాశావు.

తిట్టాలని రెండు కాగితాలు రాశాను. చింపేశాను. ఇది మూడోది. ఇందులో నిజం రాస్తాను, ఎందుకంటే నువ్వు దాచావని నిన్ను అనాలంటే నేను దాచింది ముందు చెప్పాలి.

ఆ కథకి ముగింపు లేదు. లోపల దగ్గింది ఎవరో నాకు తెలియదు. ఆ రోజు తెరల బట్ట కత్తిరిస్తూ చెప్తున్నాను. ముసలమ్మ పిడి మీద చెయ్యి వేసింది అన్నాను, అప్పుడే నూగు గొంతులో పడి నాకు దగ్గొచ్చింది. నిజం దగ్గే. పిల్లలేమో అది కథలో దగ్గు అనుకున్నారు. ఇద్దరూ బిగుసుకుపోయి, లోపల ఎవరో ఉన్నారు, ఎవరు ఎవరు అని నా కొంగు పట్టుకున్నారు. కాదర్రా, నేనే దగ్గాను అని చెప్దామనుకున్నాను. అంతలో నువ్వు వచ్చావు. గంట ముందు. ఎవరు దగ్గారో చెప్పేదాకా రామని వాళ్ళు నేల మీద కూర్చుని ఏడ్చారు. నువ్వు లాగుతున్నావు, వాళ్ళు నా వైపు చేతులు చాస్తున్నారు.

నాకు సంతోషం వేసిందే. అంత సంతోషం ఈ మధ్య ఎప్పుడూ వెయ్యలేదు. అందుకే, వచ్చాక చెప్తాను అని నవ్వాను. మీరు వెళ్ళాక సిగ్గేసింది, కిందికి రాలేకపోయాను. ఆ తర్వాత నువ్వు ఎవరు ఎవరు అని రాస్తుంటే, ఇంకా అడుగుతున్నారు, ఇంకా నన్ను మర్చిపోలేదు అని మురిసిపోయాను. ఆ ఒక్క దగ్గుతో మూడు నెలలు వాళ్ళని కట్టి పడేద్దామనుకున్నాను.

అక్కడే ఉండండి, పిల్లలకి మంచిది అని రాసే పెద్ద మనసు నాకు లేదు. వచ్చెయ్యమని అడిగే హక్కూ లేదు. నీ పిల్లలు నీ మెడ పట్టుకుని వదలకపోతే నాకు కడుపు మండింది, అదీ నిజం. నాకు పదహారు మెట్ల చప్పుడు కావాలి. ఇంతే రాయగలను.

నీలం గ్లాసు పార్సిల్ చేస్తున్నాను. పగలకుండా మఖమల్ ముక్కల్లో చుట్టాను.

అక్క


ఎనిమిది కిటికీల ఇంటి నుంచి

అక్కా,

గ్లాసు అందింది. బుడంకాయ దాన్ని చూడగానే ఏం చేశాడో ఉత్తరం చివర్లో చెప్తాను. ముందు నేను దాచింది చెప్పాలి.

బడి నిజం. ఇల్లు నిజం. మూడు నెలల తిరుగుడు అయ్యాక ఈ ఊరి కాటాల ఆఫీసులో ఒక ఏడాది ఉండమన్నారు ఆయన్ని. బయల్దేరక ముందే తెలుసు నాకు. ఆయన నీకు చెప్పేద్దాం అన్నారు, నేనే ఆపాను. నా పిల్లల్ని నేను పెంచుకోవడానికి నీ దగ్గర్నుంచి పారిపోవాల్సి వచ్చిందని నీ మొహం మీద ఎలా చెప్పను? ఇక్కడి ఆసుపత్రిలో పగటి డ్యూటీ ఒక్కటే ఇస్తామన్నారు. నేను ఒప్పుకున్నాను. దాని మీద మాట మార్చుకోను అక్కా, నువ్వు ఎంత ఏడ్చినా.

కానీ అంతకంటే పెద్దది ఒకటి దాచాను. దగ్గింది ఎవరో బుడంకాయ మొదటి రోజే చెప్పాడు.

బయల్దేరి గంట కూడా కాలేదు. క్యారవాన్‌లో అరలన్నీ తెరిచి చూస్తున్నాడని రాశాను కదా. ఏం వెతుకుతున్నాడో చెప్పడు అని రాశాను. అబద్ధం. అడగ్గానే చెప్పాడు. "దగ్గింది పెద్దమ్మ. ఇదే ఆ ఇల్లు. పెద్దమ్మ లోపలే ఉంది." అంత మామూలుగా చెప్పాడు. నీ దగ్గు వాడికి తెలియదా? నాలుగేళ్ళు ఆ దగ్గు పక్కనే పడుకున్నాడు. ఇల్లు పరిగెత్తుతోంది, పెద్దమ్మ అందులో ఎక్కడో దాక్కుంది, వెతికితే దొరుకుతుంది. అందుకే అరలు. నాలుగో పడక నీదట, అందుకే దుప్పట్లు కిందికి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇకనుంచి నా పిల్లలు నాకే ఉంటారని ఎక్కాను, మొదటి గంటలోనే నువ్వు బండి ఎక్కేశావు. అందుకే ఫోన్లు ఆపాను. అందుకే పిల్లి అన్నాను. అందుకే ఎవరైనా సరే ఒక పేరు రాయమని నిన్ను బతిమాలాను. దొంగ అని నువ్వు రాసి ఉంటే వాడికి చూపించేదాన్ని, చూడు, పెద్దమ్మే రాసింది, లోపల ఉన్నది పెద్దమ్మ కాదు అని. ఊరూరా అందర్నీ అడిగించింది కూడా అందుకే. ఇరవై మూడు జవాబులు, తర్వాత నలభై అయ్యాయి. వాడు ప్రతిదీ శ్రద్ధగా విన్నాడు. ప్రతిసారీ తల అడ్డంగా ఊపి, వెళ్ళి నాలుగో పడక సర్దాడు. దగ్గుల పుస్తకంలో మొదటి పేజీ ఖాళీగా వదిలింది ఉడత. అది తమ్ముడి జవాబు, వాడికి బొమ్మ వెయ్యడం వచ్చాక వేస్తాడు అంటుంది.

నువ్వు ఒక దగ్గుతో వాళ్ళని కట్టేశానని సిగ్గుపడుతున్నావు. నేను నలభై మందితో విప్పించడానికి చూశాను, ముడి ఊడలేదు.

గ్లాసు సంగతి. బుడంకాయ దాన్ని పక్కన పెట్టాడు. చుట్టిన మఖమల్ ముక్కలు తీసుకుని మొహానికి అద్దుకున్నాడు. నూగు ముక్కులోకి పోయి దగ్గాడు. దగ్గి, నవ్వి, "వచ్చేసింది" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఈసారి ఈర్ష్యతో కాదు. కొంచెం ఈర్ష్యతోనే.

ఈ ఇంటికి కిటికీలు ఎనిమిది, ఒక్కదానికీ తెరల్లేవు. పక్కవీధిలో కుట్టేవాళ్ళున్నారు, నేను పిలవలేదు. పదో తారీఖున మిగతా సామాన్ల కోసం క్యారవాన్‌తో వస్తున్నాం. నాలుగో పడక ఖాళీగానే ఉంది. బావగారికి సోఫా ఉంది, ఆయన గడియారాల బల్లకి వెలుతురు బాగా వచ్చే కిటికీ ఒకటి మా ఆయన చూసి పెట్టారు. తెరలు కుట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు. నువ్వు నెమ్మదిగా కుట్టు. కానీ ఒక షరతు. నేను ఇంటికి వచ్చేసరికి వాళ్ళు నీ ఒళ్ళో ఉండకూడదు. తలుపు దగ్గర ఉండాలి.

నీ చెల్లి


రెండో అంతస్తు నుంచి

చెల్లాయ్,

కిటికీల కొలతలు పంపించు. మరిదిగారితో కొలిపించకు, ఆయన తూచి పంపిస్తారు. పొడుగు నేల దాకా కావాలా, కిటికీ గట్టు దాకా చాలా, అదీ రాయి. మఖమల్ వద్దు, నూలు తెస్తాను.

ఒక ఏడాది అన్నావు. ఏడాది తర్వాత సంగతి ఏడాది తర్వాత కొట్టుకుందాం. మీ బావ తన పనిముట్లన్నీ ఒక పెట్టెలో పడతాయని ఇవాళ రెండుసార్లు అన్నాడు. నేను అడగలేదు.

షరతు ఒప్పుకున్నాను. ఏడ్చుకుంటూ ఒప్పుకున్నాను, అదీ తెలుసుకో. నువ్వు వచ్చే టైముకి వాళ్ళని తలుపు దగ్గర నిలబెడతాను. నేను వెనక కుర్చీలో కూర్చుని నీ మొహం చూస్తాను. ఇన్నాళ్ళూ చూడలేదు.

నాదీ ఒక షరతు. పదో తారీఖున పిల్లలు మెట్లు దిగొచ్చి మా తలుపు పిడి మీద చెయ్యి వెయ్యగానే ఆగమను. లోపల ఎవరో దగ్గుతారు. ఎవరో వాణ్ణే చెప్పనివ్వు. నువ్వు మధ్యలో దూరి పిల్లి అనకు.

అక్క